బరువు మోసేవాడూ మన సభ్యుడే

శాఖా కార్యదర్శిగా పనిచేసిన ప్రతి ఒక్కరికీ ఈ అనుభవం ఉండే ఉంటుంది. రాత్రి డ్యూటీ ముగిసిన తరువాత, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకొని, ఒక సభ్యుడు దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి ఇలా చెబుతాడు: "మా సెట్టులో ఆ మనిషితో వేగలేకపోతున్నామండీ. పని చేయడు. చేయమంటే తిరగబడతాడు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక మీ దగ్గరకు వచ్చాను. నా పేరు మాత్రం బయటకు రానివ్వకండి." కరువు భత్యాన్ని గురించి సర్వసభ్య సమావేశంలో బల్ల గుద్ది మాట్లాడే మనిషే ఈ విషయం దగ్గరకు వచ్చేసరికి గుసగుసలాడుతాడు. తోటి ఉద్యోగిని గురించి ఫిర్యాదు చేయడం సంఘద్రోహమనే భావం మనలో లోతుగా నాటుకొని ఉండడమే దీనికి కారణం.

ఆ భావం ఊరికే పుట్టినది కాదు. దాని వెనుక చరిత్ర ఉన్నది. ఆ చరిత్రను గురించి ముందు ముందు ప్రస్తావిస్తాను. అయితే ఆ భావం చాటున మన సంఘాలు ఒక బాధ్యతను చాలాకాలంగా దాటవేస్తూ వచ్చాయన్నది కూడా అంతే నిజం. పనిచేయని, పైగా తోటివారిపై కయ్యానికి కాలుదువ్వే ఉద్యోగి విషయంలో సంఘం ఏ వైఖరి తీసుకోవాలి? ఈ ప్రశ్నకు నేను చాలా ఆలస్యంగా, అదీ ఒక పెద్దమనిషి మందలింపు వల్ల, సమాధానం వెదుక్కొన్నాను.

పదిహేనేళ్ళకు పైబడిన మాట. ఒక సార్టింగు కార్యాలయంలో రాత్రి సెట్టులో పనిచేసే ఒక ఉద్యోగికి సూపర్‌వైజరు వరుసగా మూడు మెమోలు ఇచ్చారు. అతను తన వంతు సంచులు విప్పడు; విప్పినా కట్టలు సగంలో వదిలి లేచిపోతాడు; ఎవరైనా అడిగితే నోటికి వచ్చినట్లు మాట్లాడతాడు. మూడు మెమోలకూ సంఘం తరఫున మేము జవాబులు వ్రాయించాము. ఒక మెమోలో తేదీ తప్పు. మరొక దానిలో అతనికి ఏ పని అప్పగించినదీ వ్రాయలేదు. మూడవ దానిపై సంతకం చేయవలసిన అధికారి సంతకమే లేదు. మూడూ వీగిపోయాయి. మేము గేటు మీటింగు పెట్టి అది సంఘ విజయమని ప్రకటించాము.

మీటింగు ముగిసిన తరువాత ఒక పెద్దాయన నా దగ్గరకు వచ్చారు. రిటైర్మెంటు రెండేళ్ళలోకి వచ్చిన మనిషి. నడుముకు బెల్టు కట్టుకొని రాత్రంతా నిలబడి పనిచేసేవారు. ఆయన కోపంగా మాట్లాడలేదు. "మీరు గెలిచారు, సంతోషమే. అతను విప్పకుండా వదిలేసిన సంచులు రేపు రాత్రి కూడా నేనే విప్పాలి. సంఘం అతనిదేనా బాబూ, మాది కాదా?" అన్నారు.

ఆ ప్రశ్నకు ఆనాడు నా వద్ద సమాధానం లేకపోయింది.

మనం ఒక సామాన్య సత్యాన్ని తరచుగా మరచిపోతాము. ఒక ఉద్యోగి వదిలిపెట్టిన పని గాలిలో కలిసిపోదు. అది తోటి ఉద్యోగి నెత్తిన పడుతుంది. లెవెల్ క్రాసింగు గేటు వద్ద రిలీఫుకు రావలసినవాడు రెండు గంటలు ఆలస్యంగా వస్తే, ఆ రెండు గంటలు డివిజనల్ అధికారి వచ్చి గేటు కాయడు. రాత్రంతా మేలుకొన్న గేట్‌మ్యానే కాస్తాడు. స్టేషన్ మాస్టరు చార్జి అప్పగించనిదే కదలలేడు. గ్యాంగులో పట్టా ఎత్తే చోట ఒక చేయి వెనక్కి తగ్గితే ఆ బరువు మిగిలిన భుజాలపైనే పడుతుంది. ఒక బీటులో ఉత్తరాలు మిగిలిపోతే పక్క బీటు పోస్టుమ్యాన్ ఎండలో ఆ వీధులు కూడా తిరగవలసి వస్తుంది. ఏ పెన్షనుదారో మూడు రోజులు ఆలస్యంగా అందిన ఉత్తరాన్ని పట్టుకొని వచ్చి నిలదీసేది కౌంటరు దగ్గర ఉన్న అమాయకుడినే గాని అసలు మనిషిని కాదు.

ఖాళీలు భర్తీ కాని చోట ఈ బాధ రెట్టింపవుతుంది. పది మంది చేయవలసిన పనిని ఏడుగురు చేస్తున్న చోట ఆ ఏడుగురిలో ఒకడు చేతులు ముడుచుకొంటే మిగిలిన ఆరుగురి పరిస్థితి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. యాజమాన్యానికి ఇది ఒక విధంగా అనుకూలమే. ఆ ఆరుగురు తమ కోపాన్ని ఖాళీలు నింపని వారిపై గాక పక్కనున్న మనిషిపై చూపుతారు. సిబ్బంది కొరత ఒక వ్యక్తి సోమరితనం చాటున దాగిపోతుంది. కావున మన శాఖలు ఈ రెండు సంగతులనూ కలిపి మాట్లాడాలి. మూడు పోస్టులు నింపమని అడిగే హక్కు మనకున్నది. ఉన్న ఏడుగురూ పనిచేయాలని చెప్పే ధైర్యం కూడా మనకుండాలి. ఆ ధైర్యం లేనిచోట మొదటి కోర్కెకు బలం తగ్గుతుంది.

ఇట్టి సందర్భాలలో సంఘాలు సామాన్యంగా రెండు తప్పుదారులలో ఒకదానిని పడుతున్నాయి.

మొదటిది గుడ్డిగా వెనకేసుకు రావడం. చందా కట్టిన సభ్యుడు గనుక అతడు ఏమి చేసినా కాపాడాలనే ధోరణి ఇది. మేము ఆ సార్టింగు కార్యాలయంలో చేసినది ఇదే. మెమోలో తేదీ తప్పైనంత మాత్రాన ఆ రాత్రి సంచులు విప్పబడినట్లు కాదు గదా! సాంకేతిక లోపాన్ని పట్టుకోవడం న్యాయవాదికి చాలును, సంఘానికి చాలదు. అట్టి ప్రతి గెలుపుతోనూ పనిచేసే సభ్యుల మనస్సు సంఘానికి కొంచెం కొంచెంగా దూరమవుతుంది. రేపు సమ్మె ఓటు అడిగినప్పుడు మనం వెళ్ళవలసింది వారి దగ్గరకే.

రెండవ తప్పుదారి చేతులు కడుక్కోవడం. "అతనితో మాకు సంబంధం లేదు, అధికారులు ఏమైనా చేసుకోనీ" అని తప్పుకోవడం. కొన్నిచోట్ల నాయకులు చాటుగా అధికారికి సమాచారం అందించిన సందర్భాలు కూడా నాకు తెలుసు. ఇది మొదటి దానికంటె ప్రమాదకరం. ఈరోజు అందరికీ చేదైన మనిషిపై విచారణ లేకుండా పడిన వేటును మనం మౌనంగా ఆమోదిస్తే, రేపు అదే పద్ధతి అధికారికి మాత్రమే చేదైన మనిషిపై పడుతుంది. అప్పుడు అభ్యంతరం చెప్పడానికి మనకు నోరుండదు.

ఇప్పుడు ఇందాక ప్రస్తావించిన చరిత్రకు వస్తాను. 1974 మే 8న ప్రారంభమైన రైల్వే సమ్మె కాలంలో వేలాది మంది కార్మికులు ఉద్యోగాలు కోల్పోయారు. రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం విచారణ జరిపి, ఆరోపణలు తెలిపి, తగిన అవకాశం ఇవ్వనిదే ప్రభుత్వోద్యోగిని తొలగించరాదు. కాని అదే అధికరణంలోని రెండవ మినహాయింపు, విచారణ ఆచరణ సాధ్యం కాదని అధికారి కారణాలు వ్రాస్తే ఆ రక్షణను పక్కన పెట్టవచ్చునంటున్నది. 1968 నాటి రైల్వే క్రమశిక్షణ, అప్పీలు నిబంధనలలో 14(ii) అనే పేరుతో ఉన్నది ఇదే. ఆ అంకె వింటే నేటికీ పాత రైల్వే కుటుంబాలలో పొయ్యి ఆరిన రోజులు గుర్తుకు వస్తాయి. 1977లో కేంద్రంలో ప్రభుత్వం మారిన తరువాతనే వారిలో చాలామంది తిరిగి పనిలో చేరగలిగారు. 1985లో తులసీరాం పటేల్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ మినహాయింపు చెల్లుబాటును సమర్థించింది. కనుక ఆ ఆయుధం నేటికీ అధికారి చేతిలోనే ఉన్నది.

దీనికి తోడు ప్రాథమిక నిబంధన 56(జె) ఉన్నది. నిర్ణీత వయస్సు దాటిన ఉద్యోగిని, ప్రజాప్రయోజనం పేరిట, మూడు నెలల నోటీసుతో గాని ఆ కాలపు జీతం చెల్లించి గాని ఇంటికి పంపవచ్చును. ఇది శిక్ష కాదనీ, అందువలన విచారణ అవసరం లేదనీ న్యాయస్థానాలు చెబుతూ వచ్చాయి. ఈ సమీక్షలను క్రమం తప్పక జరపవలసిందిగా కేంద్ర ప్రభుత్వం 2020 ఆగస్టులో మరొకసారి ఉత్తర్వులిచ్చింది. "అసమర్థుడు", "విరోధ భావం గలవాడు" అనే మాటలు అధికారి కలం నుండి వచ్చినప్పుడు మనం ఉలిక్కిపడడం ఇందువల్లనే. ఈ మాటలు నిజంగా పని ఎగగొట్టేవాని కంటె నిజాయితీగా ప్రశ్నించేవాని మీద ఎక్కువగా ప్రయోగింపబడిన రోజులు మనం చూశాము.

కాబట్టి మొదట ఒక గీత గీసుకోవాలి. అధికారిని ప్రశ్నించేవాడు వేరు. తోటివాని మీద బరువు నెట్టేవాడు వేరు. ఓవర్‌టైము లెక్క అడిగినవాడు, విశ్రాంతి ఇవ్వకుండా మళ్ళీ డ్యూటీకి పిలిస్తే అభ్యంతరం చెప్పినవాడు, భద్రత లేని పనికి వెళ్ళనన్నవాడు ఎంత గట్టిగా మాట్లాడినా అతను మన ముందువరుస మనిషి. అతని వల్ల నష్టపడేది ఎవరు అని అడగండి. జవాబు అధికారి అహంకారమైతే అతని వెనుక నిలబడండి. జవాబు పక్క సీటులోని ఉద్యోగి నడుము, రాత్రి నిద్ర, సెలవురోజు అయితే సంగతి వేరు.

గీత గీసిన తరువాత చేయవలసిన మొదటి పని, ఆ మనిషి ఎందుకలా ఉన్నాడో తెలుసుకోవడం. పెద్దాయన మందలింపు తరువాత మేము ఇద్దరం ఆ సార్టింగు ఉద్యోగి ఇంటికి వెళ్ళాము. ఆఫీసులో పదిమంది ఎదుట అడగకూడదని నిశ్చయించుకొన్నాము. చాలాసేపు అతను పొడి మాటలే మాట్లాడాడు. చివరకు బయటపడినది ఇది. అతను ఒకప్పుడు ఆ కార్యాలయంలో పేరు మోసిన సార్టరు. 1972లో పిన్‌కోడు వచ్చినా, ఈనాటికీ పిన్‌కోడు వ్రాయకుండా, ఊరి పేరు కూడా సరిగా వ్రాయకుండా వచ్చే ఉత్తరాలకు కొదవలేదు. అట్టివాటిని చూపుతోనే ఏ డెలివరీ కార్యాలయానికి పోవాలో చెప్పగలిగిన మనిషి. కంప్యూటర్లు, బార్‌కోడులు వచ్చిన తరువాత ఆ విద్యకు విలువ పోయింది. అందరితో పాటు రెండు రోజుల శిక్షణ ఇచ్చారు. అతనికి అంతు పట్టలేదు. అడగడానికి సిగ్గు. ఒకనాడు తన కొడుకు వయసున్న అధికారి సెట్టు మొత్తం ఎదుట, "ఇన్నేళ్ళ సర్వీసులో ఏమి నేర్చుకొన్నారు?" అని నవ్వాడు. ఆనాటి నుండి అతను తెర ముందు కూర్చోవడం మానివేశాడు. తెలియదని చెప్పడం కంటె చేయనని చెప్పడం అతనికి గౌరవంగా తోచింది.

ఈ కారణం అతని ప్రవర్తనను సమర్థించదు. పెద్దాయన నడుము నొప్పికి ఆ అధికారి నవ్వు సమాధానం కాదు. కాని పరిష్కారం ఎక్కడున్నదో అది చూపించింది. అతనికి విడిగా శిక్షణ ఇవ్వవలసిందిగా శాఖ తరఫున లిఖితపూర్వకంగా కోరాము. మూడు వారాలపాటు మన సభ్యుడైన ఒక యువకుణ్ణి అతని పక్కన కూర్చోబెట్టించాము. అదే సమయంలో అతనికి స్పష్టంగా ఒక మాట చెప్పాము: "ఇకపై మెమో వస్తే తేదీలు వెదకం. మీరు పని చేశారా లేదా అన్నదే చూస్తాం."

ఇటువంటి కారణాలు మన రెండు శాఖలలోనూ ఉన్నాయి. తపాలా కార్యాలయాలలో 2013 నుండి కోర్ బ్యాంకింగు ప్రవేశించినప్పుడు లెడ్జరులో ఆరితేరిన చేతులు తెర ముందు తడబడ్డాయి. కొందరికి వ్యాధి, కొందరికి అప్పు, కొందరికి మద్యం, కొందరికి కుటుంబాన్ని విడిచి దూరపు డివిజనులో సంవత్సరాల తరబడి పడి ఉండడం. రైల్వేలో మెడికల్ డీకేటగరైజేషను అంటే ఏమిటో ప్రతి కార్మికునికీ తెలుసు. సర్వీసులో ఉండగా వైకల్యం కలిగిన ఉద్యోగిని తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ, ఆ పనికి తగనిచో అదే వేతనంతో మరొక పోస్టుకు మార్చాలనీ 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను చెబుతున్నది. ఇది చూపు, కాలు, చేయి పోయినవారికే పరిమితం కాదు. మానసిక వైకల్యానికీ ఈ చట్టం వర్తిస్తుంది. 2021లో రవీందర్ కుమార్ ధారీవాల్ కేసులో సుప్రీంకోర్టు, మానసిక వైకల్యం గల ఉద్యోగిపై క్రమశిక్షణా చర్య చేపట్టడం పరోక్ష వివక్ష అవుతుందని చెప్పింది. కయ్యం పెట్టుకొనే ప్రతి మనిషీ రోగి కాడు. కాని చార్జిషీటు వ్రాయకముందు డాక్టరును అడగవలసిన సందర్భాలున్నాయని యాజమాన్యానికి గుర్తు చేయవలసినది మనమే.

కారణమేదీ లేని సందర్భాలు కూడా ఉంటాయి. ఆ సంగతి దాచడం వల్ల ప్రయోజనం లేదు. ఒక రైల్వే స్టేషనులో రిలీఫుకు ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే ఒక పాయింట్స్‌మన్ విషయం మా దృష్టికి వచ్చింది. అడిగినవారిని బూతులు తిట్టేవాడు. మేము వెళ్ళి విచారించాము. ఆరోగ్యం బాగున్నది, ఇల్లు బాగున్నది. ఉదయం పూట వడ్డీ వసూళ్ళకు తిరిగి ఆ తరువాత డ్యూటీకి వస్తున్నాడు. శాఖ రెండుసార్లు చెప్పింది. వినలేదు. ఎస్.ఎఫ్.-11 వచ్చింది. గడువులోగా జవాబు ఇవ్వడానికి, కావలసిన రికార్డులు చూడడానికి సంఘం అతనికి సహాయం చేసింది. అంతకు మించి చేయలేదు. గేటు మీటింగు పెట్టలేదు. ఆలస్యంగా రాలేదని వ్రాసిపెట్టమని తోటివారిని కోరలేదు. అతని ఇంక్రిమెంటు ఒక సంవత్సరం ఆగింది. అతను మన సంఘం విడిచి మరొక సంఘంలో చేరాడు. ఒక చందా పోయింది. అక్కడి మిగిలిన కార్మికుల నమ్మకం నిలిచింది. ఈ లెక్కలో మనం నష్టపోలేదని నా అభిప్రాయం.

ఇక యాజమాన్యం బాధ్యత. మన చర్చలలో తరచుగా మరుగున పడిపోయేది ఇదే. పనిచేయని ఉద్యోగి ఒక్కరోజులో తయారుకాడు. ఏళ్ళ తరబడి సూపర్‌వైజరు చూసీ చూడనట్లు ఊరుకొంటాడు. వార్షిక నివేదికలో "బాగు" అని వ్రాస్తాడు. ఒకనాడు పై అధికారి తనిఖీకి వచ్చినప్పుడు హఠాత్తుగా చార్జిషీటు పుట్టుకొస్తుంది. నివేదికలో ఏ గ్రేడు వేసినా ఉద్యోగికి తెలియజేయాలని సుప్రీంకోర్టు 2008లో దేవ్ దత్ కేసులోనూ, 2013లో సుఖ్‌దేవ్ సింగ్ కేసులోనూ స్పష్టం చేసింది. లోపాన్ని సకాలంలో చెప్పి సవరించుకొనే అవకాశమివ్వడమే దాని ఉద్దేశం. పదేళ్ళు "బాగు" అని వ్రాసి పదకొండవ ఏట "అలవాటుగా నిర్లక్ష్యం చేస్తున్నాడు" అని వ్రాసే అధికారిని, ఆ పదేళ్ళు మీరేమి చేస్తున్నారని నిలదీయవలసిందే.

నిబంధనలు కూడా ఈ విషయంలో తేడా చూపుతున్నాయి. అప్పగించిన పనిని నిర్ణీత కాలంలో, ఆశించిన నాణ్యతతో చేయడంలో అలవాటుగా విఫలమయ్యే ఉద్యోగి కర్తవ్యనిష్ఠ లోపించినవాడని ప్రవర్తనా నియమాలలోని 3వ నియమం భావిస్తుంది. "అలవాటుగా" అనే మాటను గమనించండి. ఒకనాటి పొరపాటు అలవాటు కాదు. 1979లో జె. అహ్మద్ కేసులో సుప్రీంకోర్టు, సామర్థ్యం అత్యున్నత స్థాయిలో లేకపోవడం దానంతట అదే దుష్ప్రవర్తన కాదని చెప్పింది. చేతకాకపోవడం వేరు, చేయకపోవడం వేరు. మొదటి దానికి మందు శిక్షణ, తగిన పని, కొంత వ్యవధి. రెండవ దానికే చార్జిషీటు. ఈ రెండింటినీ విడదీయించడం రక్షణకు నిలబడిన మన ప్రతినిధి మొదటి కర్తవ్యం.

సూపర్‌వైజర్లను గురించి కూడా ఒక మాట. వారిలో చాలామంది మన సభ్యులే. తిరగబడే మనిషితో నిత్యం వేగవలసిన బాధ వారికీ ఉన్నది. నేను వారికి చెప్పేది ఇదే. మొదటి వారంలోనే, విడిగా పిలిచి, పనిని గురించి మాత్రమే మాట్లాడండి. అతని కులాన్ని, కుటుంబాన్ని, సంఘాన్ని ప్రస్తావనకు తేకండి. "నిర్లక్ష్యంగా ఉంటాడు" అనేది అభిప్రాయం. "ఫలానా తేదీ రాత్రి ఫలానా సంచి విప్పకుండా మిగిలింది" అనేది వాస్తవం. వాస్తవం వ్రాయండి. అతను అరిస్తే మీరు అరవకండి. పని ఎంత, ఎప్పటిలోగా, తిరిగి ఎప్పుడు చూస్తామనేది చెప్పి, ఆ రోజున తప్పక చూడండి. అతని పనిని మెత్తని మనిషి నెత్తిన వేసి ఆ రాత్రికి శాంతి కొనుక్కోవడం సుఖంగానే ఉంటుంది. ఆ శాంతికి ధర చెల్లించేది ఆ మెత్తని మనిషి. అతణ్ణి మరొక యూనిట్‌కు బదిలీ చేయించి ఊపిరి పీల్చుకోవడం కూడా పరిష్కారం కాదు. అది మన బరువును పొరుగు గ్యాంగు నెత్తిన దించడమే.

శాఖలు అనుసరించవలసిన పద్ధతిని కూడా సూచిస్తాను. ఫిర్యాదు రాగానే ఇద్దరు బాధ్యులు వెళ్ళి ఆ ఉద్యోగితో మాట్లాడాలి; ఫిర్యాదు చేసినవారి పేరు చెప్పనక్కరలేదు, సంగతులు చెబితే చాలు. కారణం వినాలి. శిక్షణ, వైద్యం, డ్యూటీ మార్పు అవసరమైతే వ్రాతపూర్వకంగా కోరాలి. తరువాత ఒక గడువు పెట్టి మళ్ళీ వెళ్ళాలి. చార్జిషీటు వస్తే, అది రైల్వేలో ఎస్.ఎఫ్.-5 అయినా తపాలాలో రూల్ 14 అయినా, విచారణ సక్రమంగా జరిగేటట్లు, అతనికి సహాయకుడు దొరికేటట్లు, అప్పీలుకు ఉన్న 45 రోజుల గడువు దాటకుండా చూడాలి. తప్పుకు మించిన శిక్ష పడితే పోరాడాలి. సస్పెన్షను శిక్ష కాదని నిబంధన అంటుంది. సగం జీతంతో ఇల్లు గడిపే ఇల్లాలిని అడిగితే అది శిక్ష అవునో కాదో చెబుతుంది. కావున సస్పెన్షను సమీక్షలు సకాలంలో జరిపించాలి. కాని ఏ దశలోనూ తోటి ఉద్యోగులను అబద్ధపు సాక్ష్యం చెప్పమని సంఘం అడగరాదు. అట్లా అడిగిన రోజున, బరువు మోసిన మనిషి చేతనే ఆ బరువు లేదని చెప్పించినవారమవుతాము.

ఒక హెచ్చరిక. ఆ విరోధం స్త్రీ ఉద్యోగిపై లైంగిక వేధింపు రూపం దాల్చితే, లేదా దళిత, గిరిజన సోదరులను కులం పేరుతో దూషించడం అయితే, అది ఇద్దరు పెద్దమనుషులు కూర్చొని సర్దుబాటు చేసే వ్యవహారం కాదు. మొదటి దానికి 2013 నాటి చట్టం, దాని కింద అంతర్గత కమిటీ ఉన్నాయి. రెండవ దానికి 1989 నాటి అత్యాచార నిరోధక చట్టం ఉన్నది. అక్కడ బాధితుల పక్షాన నిలబడడమే సంఘ ధర్మం. "మనలో మనకెందుకు" అనే మాట అక్కడ నేరానికి తోడ్పాటు అవుతుంది.

మిత్రులారా! అతను వినిపించుకోవలసిన హక్కును సంఘం కాపాడాలి. అతని అలసత్వాన్ని కాదు. విచారణ లేని వేటును చివరిదాకా ఎదిరిద్దాము. విచారణలో నిజం తేలితే ఆ నిజాన్ని ఒప్పుకొందాము. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. పనిచేసే ఉద్యోగుల ఎదుట నిజాయితీగా నిలబడే సంఘానికే, అన్యాయంగా వేటు పడిన ఉద్యోగి పక్షాన అధికారి ఎదుట నిలబడే బలం ఉంటుంది. వచ్చే శాఖా సమావేశాల అజెండాలో ఈ విషయాన్ని చేర్చి బాహాటంగా చర్చించవలసిందిగా కోరుతున్నాను. గుసగుసలను సమావేశంలోకి తెచ్చుకొంటేనే అవి పుకార్లుగాను, కక్షలుగాను మారకుండా ఉంటాయి.

ఆ సార్టింగు ఉద్యోగి పూర్తిగా మారిపోయాడని నేను చెప్పను. అతని మాటలో కటువుదనం అలాగే ఉన్నది. కాని తన సంచులు తాను విప్పుకొన్నాడు. రెండేళ్ళ తరువాత పెద్దాయన పదవీ విరమణ సభ జరిగింది. అతను ఆలస్యంగా వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు; ప్రసంగాలలో ఒక్క మాటా మాట్లాడలేదు. సభ ముగిశాక పెద్దాయనకు ఇచ్చిన జ్ఞాపికలు, దండలు, శాలువల మూటను ఎత్తుకొని, ఆయన వద్దంటున్నా వినకుండా, ఆటో దాకా మోసుకు వెళ్ళాడు.